టెండరులో చౌక, పొలంలో ఖరీదు

పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మన ఊళ్లలో మొదట జరిగేది చందా వసూలు. దాని కింద ఎన్ని మోటార్లున్నాయో లెక్కేసి, మోటారుకింతని పోగుచేసి, ట్రాక్టరు మాట్లాడి, కాలినదాన్ని దించి రిపేరు షెడ్డుకు తోలుకుపోతాం. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన చెబుతోంది. దించడం, తోలడం, మళ్లీ బిగించడం అంతా డిస్కమ్ పనే. కానీ నాట్లేసిన మడి బీటలు వారుతుంటే ఆ నిబంధన కాగితం పట్టుకుని ఎవరు కూర్చుంటారు? చందా వేసుకుంటాం. ఇది పాత కథే, ఈ పత్రికలో చాలాసార్లు రాశాం. ఈసారి రాయదలచుకున్నది దాని వెనకున్న ఇంకో కథ.

కొత్తగా బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ రెండో పంటకే మళ్లీ కాలిందనుకోండి. లైన్‌మన్‌ను అడిగితే "టెండర్లో వచ్చిన మాల్ అన్నా, మేమేం చేస్తాం" అంటాడు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో గోనె సంచులు లేవేమని అడిగితే "ఇండెంటు పెట్టాం, కలకత్తా నుంచి రావాలి" అంటారు. ఊళ్లో బీఎస్‌ఎన్‌ఎల్ సిగ్నల్ ఎందుకు రాదని అడిగితే ఏళ్ల తరబడి వినిపించిన జవాబు "టెండరు రద్దయింది" అనే. మనకు కరెంటు, సంచులు, ఎరువులు, విత్తనాలు, ఫోను ఇవ్వాల్సిన ప్రభుత్వ సంస్థలు ఏం కొనాలన్నా ఒకే ఇరుకు దారిలో నడవాలి. ఆ దారికి ఎవరు కంచె వేశారు, ఎందుకు వేశారు, ఆ కంచె మన పొలాన్ని ఎలా మేస్తోంది అన్నది రైతు సంఘంగా మనం తెలుసుకోవాల్సిన విషయం. ఇది ఆఫీసర్ల గొడవ, మనకెందుకు అని ఇన్నాళ్లూ వదిలేశాం. అది మన పొరపాటే.

ముందు ఒక మాట. ఈ నిబంధనలు ఊరికే పుట్టలేదు. టెండరు లేకుండా తమవాళ్లకు పనులు రాసిచ్చే కాలం మనం చూసిందే. బాక్సులో టెండరు వేయడానికి వెళ్లిన చిన్న కాంట్రాక్టరును ఆఫీసు గేటు దగ్గరే ఆపి పంపేసిన రోజులున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఆన్‌లైన్ టెండర్లు మొదలయ్యాక ఆ గేటు దగ్గరి దౌర్జన్యం చాలావరకు తగ్గింది. కాబట్టి టెండర్లే వద్దని వాదించేవాళ్ల పక్షాన మేము లేము. నామినేషన్ మీద పనులు ఇవ్వడం మొదలైతే ముందు నష్టపోయేది మనమే, ఎందుకంటే ఆ నామినేషన్ ఎన్నడూ రైతు సంఘం పేరు మీద రాలేదు, ఎన్నటికీ రాదు.

మన దేశంలో ప్రభుత్వ కొనుగోళ్లకు కేంద్ర స్థాయిలో సమగ్రమైన చట్టమంటూ లేదని చాలామందికి తెలియదు. 2012 మే నెలలో పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లు లోక్‌సభలో పెట్టారు. 2014లో ఆ సభ కాలం ముగియడంతో బిల్లూ మురిగిపోయింది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో సొంత చట్టాలు చేసుకున్నాయి. మన రెండు రాష్ట్రాల్లో వ్యవహారమంతా ప్రధానంగా జీవోలు, ఆర్థిక కోడ్‌ల మీదే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 100 కోట్లు దాటిన టెండర్లను ముందుగా ఒక జడ్జి చూడాలని 2019లో చట్టం తెచ్చారు, ప్రభుత్వం మారాక 2024లో ఎత్తేశారు. ఒకరు వేసిన కంచెను ఇంకొకరు పీకడం మనకు కొత్త కాదు.

చట్టం లేదంటే అడ్డే లేదని కాదు. 1979లో సుప్రీంకోర్టు ముందుకు ఒక చిన్న కేసు వచ్చింది. బొంబాయి విమానాశ్రయంలో ఒక హోటలు, రెండు చిరుతిళ్ల స్టాళ్లు నడిపే టెండరు గురించి. నోటీసులో అడిగిన అనుభవం లేనివాడికి కాంట్రాక్టు ఇచ్చారని తగాదా. విమానాశ్రయ సంస్థ కూడా రాజ్యంలో భాగమే, తాను పెట్టిన షరతును తానే తప్పకూడదు, అందరినీ సమానంగా చూడాలని కోర్టు చెప్పింది. ఇడ్లీ సాంబారు టెండరులో చెప్పిన ఆ సూత్రమే ఈరోజు ప్రభుత్వ రంగ సంస్థలన్నింటి కొనుగోళ్లకూ పునాది. దానిపైన కేంద్ర ఆర్థిక నియమావళి, విజిలెన్స్ కమిషన్ సర్క్యులర్లు, చిన్న పరిశ్రమల నుంచి 25 శాతం కొనాలన్న ఆదేశం, 2017 నాటి స్వదేశీ ప్రాధాన్య ఆదేశం, 2020లో సరిహద్దు దేశాల కంపెనీలపై పెట్టిన ఆంక్ష ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచిదే. అన్నీ కలిసి ఒక ప్రభుత్వ సంస్థ మెడకు చుట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించిన వాళ్లు తక్కువ.

ఈ వ్యవహారమంతటికీ గుండెకాయ లాంటిది ఎల్‌-1. అంటే సాంకేతిక పరీక్షలో నెగ్గినవాళ్లలో అందరికంటే తక్కువ రేటు వేసినవాడు. వాడికే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో ఆఫీసరు ఆడిట్‌కు, విజిలెన్స్‌కు, ఒక్కోసారి కోర్టుకు జవాబు చెప్పుకోవాలి. తక్కువ రేటువాడికిచ్చి సరుకు చెడితే ఎవరూ అడగరు. రెండో రేటువాడికిచ్చి సరుకు బాగున్నా అడుగుతారు. ఈ రెండింటి మధ్య కూర్చున్న ఇంజనీరు ఏం చేస్తాడో మనం ఊహించుకోవచ్చు. 2018 దాకా అవినీతి నిరోధక చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. ప్రజా ప్రయోజనం లేకుండా ఎవరికైనా ఆర్థిక లాభం కలిగేలా నిర్ణయం తీసుకుంటే, తాను పైసా తినకపోయినా నేరమే. ఆ సెక్షన్ ఎత్తేశారు, దాని భయం మాత్రం ఆఫీసుల్లో అలాగే ఉంది. దొంగ దాని సందుల్లోంచి దూరిపోతాడు. నిజాయితీపరుడే సంతకం పెట్టకుండా ఫైలును పైకి పంపుతాడు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే మళ్లీ వద్దాం, ఎందుకంటే ఎల్‌-1 బండారం అక్కడ బాగా కనబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు ధరలుంటాయి. కొన్న రోజు ఇచ్చే ధర ఒకటి. అది తిన్న కరెంటు ధర రెండోది. మోటారు ఆడినా ఆడకపోయినా, లైను బతికున్నంతసేపు ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోరు కొంత కరెంటు తింటూనే ఉంటుంది. లెక్క కోసం అనుకుందాం: ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఇంకోదానికంటే 50 వాట్లు ఎక్కువ తింటుంది. ఏడాదికి 8,760 గంటలు. అంటే 438 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి 2,628 రూపాయలు. పాతికేళ్లు పనిచేస్తే 65 వేలు దాటుతుంది. కొనేటప్పుడు ఐదు వేలో పది వేలో తక్కువకు వచ్చిందని సంబరపడిన ట్రాన్స్‌ఫార్మర్, కట్టు కొయ్య దగ్గర చౌకగా దొరికిన తిండిపోతు ఎద్దు లాంటిది.

ఈ సంగతి విద్యుత్ ఇంజనీర్లకు తెలియక కాదు. ధరతో పాటు జీవితకాల నష్టాలను కూడా లెక్కగట్టి టెండర్లను పోల్చే పద్ధతి ఏనాటినుంచో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లకు స్టార్ రేటింగు పెట్టారు, ఐఎస్‌ 1180 ప్రమాణం ఉంది. కేంద్రం కొనుగోలు మాన్యువల్‌లో కూడా జీవితకాల ఖర్చు చూడవచ్చనే ఉంది. కానీ చూడవచ్చు అన్నచోట ఎవరూ చూడరు. చూడాలి అన్నచోటే చూస్తారు. టెండరు కాగితంలో రాసిన నష్టాల అంకెకూ, ఫ్యాక్టరీ నుంచి లారీలో వచ్చిన సరుకుకూ తేడా ఉంటే పట్టుకోవడానికి పరీక్ష కావాలి. లాటులో ఒకదాన్ని విప్పి చూడాలి, బరువు తూచాలి, నూనె పరీక్షించాలి, కోరు కొత్తదో తుక్కులో కొన్నదో తేల్చాలి. టెండరు తెరిచే రోజున పదిమంది కూర్చునే కమిటీ ఉంటుంది. సరుకు దిగే రోజున స్టోరులో ఒక్క ఏఈ ఉంటాడు. ఆయన మీద ఇంకో మూడు మండలాల భారం ఉంటుంది. మన నిబంధనల బలమంతా కొనే క్షణం మీదే ఉంది, వాడే పాతికేళ్ల మీద లేదు.

ఇంకో మర్మం కూడా ఇందులోనే ఉంది. ఎల్‌-1 అంటే నిజంగా తక్కువ రేటని మనం నమ్ముతాం. ప్రభుత్వ సంస్థ డబ్బులు ఎప్పుడిస్తుందో తెలియనప్పుడు సరఫరాదారు ఆ ఆలస్యాన్ని ముందే రేటులో కలిపి వేస్తాడు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. డిస్కమ్‌లు బకాయిల్లో ఉన్నప్పుడు ఆ గడువును ఎవరు పట్టించుకున్నారు? డబ్బు నిలిపినా తట్టుకోగల పెద్దవాడు, లేదా నాసిరకం సరుకుతో ఆ నష్టం పూడ్చుకునే గడుసువాడు, ఈ ఇద్దరే టెండరులో మిగులుతారు. మధ్యలో మంచి సరుకు చేసే చిన్న యూనిట్ మూతపడుతుంది. ధాన్యం అమ్మి డబ్బుల కోసం నెలలు ఎదురుచూసిన మనకు ఈ బాధ వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. డిస్కమ్‌కు వ్యవసాయ కరెంటు సబ్సిడీ సొమ్ము ప్రభుత్వం సకాలంలో జమచేయకపోతే, ఆ ఆలస్యం సరఫరాదారు రేటుగా మారి, కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్‌గా మారి, చివరికి మన చందాగా మారుతుంది. ఉచిత కరెంటు ఇస్తున్నామని చెప్పేవాళ్లు ఈ చందాను కూడా లెక్కలో వేయాలి.

కొనుగోలు నిబంధనలు ఒక ప్రభుత్వ రంగ సంస్థను ఏ గతికి తేగలవో చూడాలంటే బీఎస్‌ఎన్‌ఎల్ కథ చాలు. ఇది పట్నం విషయమని కొందరు సభ్యులు అనొచ్చు. మండీ ధర తెలుసుకోవడానికి, పంట నమోదు చేయడానికి, ఈకేవైసీ వేలిముద్రకు, డ్రిప్ స్టార్టరును ఇంటినుంచి ఆన్ చేయడానికి ఇప్పుడు సిగ్నలే కావాలి. లాభం లేని గూడేలకూ కొండ ఊళ్లకూ టవరు వేయాల్సింది బీఎస్‌ఎన్‌ఎల్లే.

2004-05 నాటికి ఆ సంస్థ వేల కోట్ల లాభాల్లో ఉంది. సెల్‌ఫోన్లు పల్లెలకు పాకుతున్న సరైన సమయంలో, 2006లో, 4.55 కోట్ల లైన్ల పరికరాలకు టెండరు పిలిచింది. పోటీ నుంచి తప్పించిన ఒక విదేశీ కంపెనీ కోర్టుకెక్కింది. రేట్ల మీద రగడ మొదలైంది. చివరికి ఆర్డరు సగానికి కోసేశారు. 2008లో 9.3 కోట్ల లైన్లకు ఇంకో టెండరు పిలిచారు. ఆరోపణలు, ఫిర్యాదులు, పిట్రోడా కమిటీ, అన్నీ అయ్యాక 2010లో దాన్నీ రద్దు చేశారు. అదే కాలంలో ప్రైవేటు కంపెనీలు తమకు కావలసిన పరికరాలు తామే కొనుక్కుని నెలనెలా లక్షలాది కొత్త ఖాతాదారులను చేర్చుకున్నాయి. వాటికి టెండరు నోటీసు లేదు, విజిలెన్స్ లేదు, ఓడిపోయినవాడు రిట్ పిటిషన్ వేసే వీలూ లేదు. 2009-10లో బీఎస్‌ఎన్‌ఎల్ మొదటిసారి నష్టం చూపింది, 1,823 కోట్లు. ఆ నష్టానికి ఇంకా ఇతర కారణాలున్నాయి, 3జీ స్పెక్ట్రమ్ కోసం కట్టించిన భారీ మొత్తం వాటిలో ఒకటి. కానీ పరికరాలు లేని కంపెనీ ఖాతాదారులను ఎక్కడ కూర్చోబెడుతుంది?

అదే కథ 4జీ దగ్గర మళ్లీ జరిగింది. జియో 2016 సెప్టెంబరులో 4జీ మొదలుపెట్టింది, పరికరాలు కొరియా కంపెనీవి. బీఎస్‌ఎన్‌ఎల్‌కు 4జీ స్పెక్ట్రమ్ ఇస్తామని కేంద్రం 2019 అక్టోబరులో నిర్ణయించింది. 2020 మార్చిలో 50,000 టవర్లకు టెండరు పిలిచారు. షరతులు స్వదేశీ ప్రాధాన్య ఆదేశానికి విరుద్ధంగా ఉన్నాయని దేశీయ తయారీదారుల మండలి ఫిర్యాదు చేసింది. జులైలో టెండరు రద్దు. తర్వాత దేశీ పరికరాలే వాడాలన్నారు. అప్పటికి అవి తయారై లేవు. టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి తయారుచేసి, పరీక్షించి, లక్ష టవర్లకు ఆర్డరు పొందేసరికి 2023 వచ్చింది. 2025 సెప్టెంబరు 27న ప్రధాని ఆ 4జీని ప్రారంభించారు. ప్రైవేటు కంపెనీలు 5జీ మొదలుపెట్టి అప్పటికే మూడేళ్లు కావస్తోంది.

స్వదేశీ 4జీ తయారవడం మంచి విషయం. ఆ పరిజ్ఞానం దేశానికి ఆస్తి. మేము అడిగేది ఒక్కటే. దేశం కోసం నేర్చుకునే ఖర్చును ఒక్క బీఎస్‌ఎన్‌ఎల్ నెత్తినే ఎందుకు పెట్టారు? పక్కనున్న ప్రైవేటు కంపెనీలకు ఆ నిబంధనే వర్తించలేదు. ఒకరి కాళ్లకు బండ కట్టి పరుగుపందెంలో దింపి, వెనకబడ్డాడని వెక్కిరించినట్టుంది. 2019 నుంచి మూడు విడతల్లో 3 లక్షల కోట్లకు పైగా ప్యాకేజీలు ప్రకటించిన మాట నిజం. ఆ డబ్బు సమయానికి వచ్చిన ఒక్క టెండరుకు సాటి రాదు. వెళ్లిపోయిన ఖాతాదారు ప్యాకేజీ చూసి తిరిగి రాడు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఉదాహరణ మన కల్లంలోనే ఉంది. అదే గోనె సంచి. 1987 నాటి జనపనార ప్యాకింగ్ చట్టం కింద ఆహార ధాన్యాలన్నీ గోనె సంచుల్లోనే నింపాలి, చక్కెరలో 20 శాతం నింపాలి. ఎఫ్‌సీఐ, పౌరసరఫరాల సంస్థలు తమకు కావలసిన సంచుల లెక్క ముందుగానే కలకత్తాలోని జూట్ కమిషనర్‌కు పంపాలి. డబ్బు కట్టాలి. కమిషనర్ మిల్లులకు ఆర్డర్లు పంచుతాడు. రేటు ఒక ఫార్ములా ప్రకారం ఖాయమవుతుంది, ఇక్కడ ఎల్‌-1 పోటీ లేదు. మిల్లుల్లో అత్యధికం హుగ్లీ నది ఒడ్డున ఉన్నాయి.

అక్కడ ముడి జనుము కొరత వచ్చినా, మిల్లు మూతపడినా, ఇక్కడ కల్లంలో ధాన్యం కుప్ప వానకు తడుస్తుంది. 2021 సెప్టెంబరులో ముడి జనుముకు క్వింటాలు 6,500 రూపాయలని గరిష్ఠ ధర పెట్టారు. ఆ ధరకు సరుకు దొరకడం లేదని మిల్లులు గోలపెట్టాయి, కొన్ని మూతపడ్డాయి. 2022 మేలో ఆ పరిమితి ఎత్తేశారు. సంచులు చాలనప్పుడు ప్లాస్టిక్ సంచులకు, ఒకసారి వాడిన సంచులకు అనుమతిస్తారు. చిరుగుల సంచి ఇచ్చి, కారిపోతుందని తరుగు కోసేదీ రైతు దగ్గరే.

అయితే ఈ చట్టం ఎత్తేయమని మేము అనం. ఆ గోనె సంచి మీద 40 లక్షల రైతు కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్లూ మనవాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగునార పండించినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మన మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి, చిట్టివలస జూట్‌మిల్లు 2009 నుంచి తెరుచుకోలేదు, దానితోపాటే గోగు సాగూ కుంగిపోయింది. ఆర్డర్లు ఉన్న చట్టం ఉండి కూడా ఇక్కడి మిల్లులు ఎందుకు బతకలేదన్నది వేరే సంచికలో రాయాల్సిన కథ. ఇక్కడ గమనించాల్సింది వేరు. గోనె సంచికి అయ్యే అదనపు ఖర్చును కేంద్రం ఆహార సబ్సిడీలో భరిస్తుంది. ఎఫ్‌సీఐ నష్టాల కింద రాసి దాన్ని అమ్మకానికి పెట్టదు. సామాజిక లక్ష్యం కోసం ప్రభుత్వం కొనుగోలు నిబంధన పెట్టినప్పుడు ఆ ఖర్చు బడ్జెట్ మోయాలి. బీఎస్‌ఎన్‌ఎల్ దగ్గర ఆ ధర్మం పాటించలేదు. మన డిస్కమ్‌ల దగ్గరా పాటించడం లేదు.

యూరియా దగ్గర ఇంకో రకం చిక్కు. కొరత వచ్చినప్పుడు కేంద్రం తరఫున నేషనల్ ఫెర్టిలైజర్స్, ఆర్‌సీఎఫ్, ఐపీఎల్ లాంటి సంస్థలు అంతర్జాతీయ టెండరు పిలుస్తాయి. ఎన్ని లక్షల టన్నులు కావాలో, ఏ తేదీలోగా ఓడ ఎక్కించాలో ప్రపంచమంతా చూస్తుంది. పశ్చిమ తీరానికీ తూర్పు తీరానికీ వచ్చిన తక్కువ రేటు చూపి, ఆ రేటుకే మీరూ ఇస్తారా అని మిగతావాళ్లను అడుగుతారు. ఒప్పుకున్నంతే వస్తుంది. ఇంట్లో బియ్యం అయిపోయాక సంచి పట్టుకుని అంగడికి పోయినవాడికి బేరమాడే బలం ఎక్కడుంటుంది? తప్పు టెండరు పద్ధతిది మాత్రమే కాదు. గోదాములో నిల్వ ఉన్నప్పుడు, సీజను దూరంగా ఉన్నప్పుడు కొనాల్సింది. కొనుగోలు నిర్ణయం ఢిల్లీలో నెల ఆలస్యమైతే మన సొసైటీ ముందు పాసుపుస్తకాలూ చెప్పులూ లైనులో ఉంటాయి. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం రెండు రోజుల కూలి పోతుంది.

ఇవన్నీ చూశాక పాలకులు చెప్పే మందు ఒకటే: ప్రభుత్వ సంస్థలు పనికిరావు, అమ్మేద్దాం. కాళ్లూ చేతులూ కట్టేసింది వాళ్లే. నడవడం లేదని అమ్మేదీ వాళ్లే. ప్రైవేటువాడికి అమ్మిన మరుక్షణం ఆ నిబంధనలేవీ వర్తించవు. సమాచార హక్కు కింద అడగడానికీ ఉండదు, టెండరు ఎవరికిచ్చావని నిలదీయడానికీ ఉండదు. డిస్కమ్ ప్రైవేటుపరమైతే నాసిరకం ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి దగ్గర కొన్నాడో మనకు తెలిసే దారే మూసుకుపోతుంది. ఈ ఒక్క కారణానికైనా, ఈ ఇరుకు నిబంధనలను బాగుచేసుకోవడం ప్రభుత్వ రంగాన్ని కాపాడుకోవడంలో భాగమని మేము నమ్ముతున్నాం.

బాగుచేయడమంటే ఏం చేయాలి? ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, కేబుళ్ల లాంటి దీర్ఘకాల సరుకుల్లో జీవితకాల ఖర్చు లెక్కను తప్పనిసరి చేయాలి. పనులకూ సేవలకూ సంబంధించిన కొన్ని టెండర్లలో నాణ్యతకు 30 శాతం దాకా మార్కులిచ్చే వీలు 2021 అక్టోబరులో కేంద్రం కల్పించింది. సరుకుల కొనుగోలుకు ఆ వెసులుబాటు రాలేదు. గ్యారంటీ కాలంలో కాలిపోయిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ నెంబరు, తయారీదారు పేరు సబ్‌స్టేషన్ గోడమీద రాయాలి, తర్వాతి టెండరులో ఆ లెక్క పరిగణనలోకి రావాలి. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, డిస్కమ్ బోర్డు తీర్మానం చాలు. మాకు తెలిసి ఇంతకంటే చౌకైన విజిలెన్స్ లేదు.

విత్తనాల విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. వేరుశనగ విత్తనానికి కనీస మొలక శాతం 70 అని ప్రమాణం ఉంది. విత్తనాభివృద్ధి సంస్థ తన సొంత విత్తన రైతుల దగ్గర పండించి ఇస్తే ఆ గింజ ఏ పొలంలో పండిందో తెలుస్తుంది. సమయానికి నిల్వలు చేసుకోక, సీజను ముందు ఎల్‌-1 టెండరులో వ్యాపారి దగ్గర కొంటే, నూనె మిల్లుకు పోవాల్సిన కాయ కూడా విత్తనం సంచిలోకి ఎక్కే ప్రమాదం ఉంటుంది. సంచి మీద ముద్ర ఉంటుంది, ల్యాబు కాగితం ఉంటుంది, టెండరు ఫైలు పరిశుద్ధంగా ఉంటుంది. మొలక మాత్రం రాదు. వాన పడిన అదను పోయాక నష్టపరిహారం ఇచ్చినా ఆ అదను తిరిగిరాదు.

ఇంకో అడ్డుగోడ మన సంఘాలకే నేరుగా తగులుతోంది. అంగన్‌వాడీల సరఫరాలో కాంట్రాక్టర్లను వాడొద్దని, గ్రామ సమూహాలకు, స్వయం సహాయక సంఘాలకు, మహిళా మండళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న చెప్పింది. ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కందిపప్పో, రాగిపిండో, నూనెనో హాస్టళ్లకు సరఫరా చేయాలని రైతు ఉత్పత్తిదారుల సంఘం ముందుకొస్తే, మూడేళ్ల కోట్ల టర్నోవరు చూపమంటారు, ఇంతకుముందు ప్రభుత్వానికి సరఫరా చేసిన అనుభవం చూపమంటారు. మొదటి ఆర్డరు ఇవ్వకుండా అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? మనం పండించిన కందిని సర్కారే మద్దతు ధరకు కొని, వేలంలో మిల్లరుకు అమ్మి, ఆ మిల్లరు పప్పు చేసి టెండరులో మళ్లీ సర్కారుకే అమ్మే చక్రం తిరుగుతోంది. ఆ చక్రంలో రైతు సంఘానికి ఒక పలుకు చోటు ఇవ్వాలంటే జిల్లా స్థాయి చిన్న టెండర్లకు టర్నోవరు షరతు తీసేయాలి. లాట్లు చిన్నవి చేయాలి.

ఒక హెచ్చరిక కూడా. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో బ్రిటన్ కంపెనీలకు చోటిచ్చారు. రాష్ట్రాలను ప్రస్తుతానికి బయట ఉంచారు. డబ్ల్యూటీఓ కొనుగోళ్ల ఒప్పందంలో భారత్ ఇప్పటికీ పరిశీలక దేశమే, సభ్యురాలు కాదు. కానీ ఒక తలుపు తెరుచుకున్నాక పక్క తలుపు తట్టేవాళ్లు వస్తారు. చిన్న పరిశ్రమకూ రైతు సంఘానికీ రిజర్వు చేసిన వాటా రేపు వివక్ష అనిపించుకునే రోజు వస్తుంది. అప్పుడు మేలుకుంటే లాభం లేదు.

ఇక మన పని. వచ్చే రెండు నెలల్లో ప్రతి గ్రామ శాఖ ఒక నోటు పుస్తకం పెట్టాలి. తమ ఊరి పొలాల్లో ఉన్న ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక పేజీ. దానిమీద ఉన్న నెంబరు, తయారీదారు పేరు, ఏ సంవత్సరం, ఎంత సామర్థ్యం. కాలిన తేదీ, ఫిర్యాదు చేసిన తేదీ, మార్చిన తేదీ. ట్రాక్టరు బాడుగ ఎంత, ఎవరెవరు ఎంత వేసుకున్నారు. ప్లేటు మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి. లైన్‌మన్‌తో తగువు పడొద్దు, అతని జీతమూ ఆ టెండరులోనే నలుగుతోంది, చాలామంది కాంట్రాక్టు మనుషులే. మండల కమిటీ ఆ పుస్తకాలన్నీ కలిపి తయారీదారు వారీగా లెక్క తీసి జిల్లా కార్యాలయానికి పంపాలి. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ధరల మీద బహిరంగ విచారణ జరుపుతుంది, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. ఈసారి విచారణకు మనం ఉపన్యాసం కాకుండా ఆ లెక్కలు పట్టుకుని వెళదాం.